పక్క ప్లాటులో బండ, మా కిటికీలో రెండు మిల్లీమీటర్ల సందు

ఫిబ్రవరి 3

పొద్దున ఏడున్నరకి మంచం వణికింది. నేను పడుకున్నది నాలుగుంపావుకి. అమెరికా క్లయింటు పని నాది. సాయంత్రం ఆరున్నరకి లాగిన్ అయితే తెల్లవారుజామున మూడున్నరకి గానీ వదలరు. ఊరంతా పళ్ళు తోముకునే వేళకి నాకు నడిరాత్రి.

కర్టెన్ పక్కకి జరిపి చూస్తే పక్క ఖాళీ ప్లాటులో పసుపు పొక్లెయిన్ నిలబడి ఉంది. బకెట్ తీసేసి రాయి పగలగొట్టే బ్రేకర్ బిగించారు. హైదరాబాద్ మణికొండలో ఈ ఫ్లాటుకి వచ్చి రెండేళ్ళయింది. అప్పటినుంచీ ఆ ప్లాటులో ఒక వేపచెట్టు, ఏనుగు పడుకున్నట్టు ఒక పెద్ద గుండు ఉండేవి. ఇల్లు చూపించిన రోజు ఓనర్ అంకుల్ ఈ కిటికీ తెరిచి "చెట్టు, రాయి, గాలి. ఇంకేం కావాలి?" అన్నాడు. మాఘమాసం వచ్చింది, ముహూర్తం కుదిరింది, చెట్టు పోయింది. ఇప్పుడు గుండు వంతు.

గేటుకి కట్టిన బోర్డు మీద సెల్లారు, స్టిల్టు (పిల్లర్ల మధ్య బళ్ళు పెట్టుకునే అంతస్తు), ఐదంతస్తులు అని ఉంది. ఎన్నాళ్ళు పడుతుందని మా వాచ్‌మన్‌ని అడిగాను. "ఏడాదిన్నర అంటున్రు సార్. అంటే రెండేండ్లు."

ఇల్లు మారదామా అని మా ఆవిడా నేనూ లెక్కేసుకున్నాం. కొత్తింటికి రెండు నెలల అడ్వాన్సు, బ్రోకరుకి ఒక నెల అద్దె, ఇక్కడ ఖాళీ చేస్తే పెయింటింగ్ పేరుతో ఇంకో నెల కోత. పాప స్కూలేమో నడిచి వెళ్ళే దూరంలో ఉంది. పైగా ఖాళీ ప్లాటు పక్కన లేని ఇల్లు ఈ చుట్టుపక్కల ఎక్కడుంది? మారడం లేదు.

కాబట్టి ప్రాజెక్టు ఇదీ: గోడకి ఒక్క మేకు కొట్టకుండా, పోయేటప్పుడు అన్నీ విప్పుకుని పట్టుకుపోయేలా, పదివేలు దాటకుండా, నాకు పగలు ఏడు గంటల నిద్ర.

ఫిబ్రవరి 5

కొలవకుండా మొదలుపెట్టకూడదని ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్ వేసుకున్నాను. బాల్కనీలో బ్రేకర్ కొడుతున్నప్పుడు 76 డెసిబెల్స్, కిటికీ మూసి పడగ్గదిలో 61. ఫోన్ మైకుని ఎంత నమ్మొచ్చో తెలియదు కాబట్టి, ఫ్యాక్టరీ సేఫ్టీ విభాగంలో పనిచేసే మా తోడల్లుడి మీటరు ఒక్కరోజుకి అడిగి తెచ్చి పక్కపక్కన పెట్టాను. గది లోపల రెండూ దాదాపు ఒకటే చూపించాయి. బయట మాత్రం మీటరు 80 అంటే ఫోన్ 76 అంది. మాటల స్థాయికి చేసిన మైకు గట్టి చప్పుళ్ళ దగ్గర చేతులెత్తేస్తుందన్నమాట. ఇకమీదట బయటి అంకెకి నాలుగు కలుపుకోవాలి.

డెసిబెల్ లెక్క మామూలు కూడికలా నడవదు. పది పెరిగితే శక్తి పదింతలు, చెవికి మాత్రం సుమారు రెట్టింపు గోల. నిద్రకి పడగ్గదిలో 30 దాటకుండా ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే చెప్పింది. పొక్లెయిన్ లేని మధ్యాహ్నం కూడా మా గదిలో 38 ఉంటుంది. ఆ 30 మీద ఆశ ఈరోజే వదిలేశాను. 45 దగ్గర్లోకి తెస్తే చాలు, మిగతాది అలసట చూసుకుంటుంది.

ఫిబ్రవరి 8

డబ్బు తగలేసిన రోజు.

ఆన్‌లైన్‌లో "సౌండ్ ప్రూఫ్" అని రాసుంటే గుడ్ల అట్టలా ఎగుడుదిగుడుగా ఉండే నల్ల ఫోము పలకలు తెప్పించాను. 2,400 రూపాయలు. కిటికీ వైపు గోడంతా డబుల్ టేపుతో అంటించి కొలిస్తే 61. అంతకుముందు ఎంత? 61.

అంటించాక చదివాను, అంటించకముందు చదవాల్సింది. ఫోము గదిలో ప్రతిధ్వనిని పీల్చుకుంటుంది, అంతే. బయటి చప్పుడు లోపలికి రాకుండా ఆపాలంటే బరువు కావాలి, సందులేని అడ్డు కావాలి. ఈ ఫోము గుండా ఉఫ్ అని ఊదితే అవతల చేతికి గాలి తగులుతోంది. గాలి పోయే దాంట్లోంచి చప్పుడు పోదా?

ఒక పలక పీకితే అరచేయంత పెయింటు కూడా ఊడి వచ్చింది. మిగతావాటిని హెయిర్ డ్రయ్యరుతో వేడిచేసి మెల్లగా తీశాను. వాటిని నేను కాల్స్ మాట్లాడే మూలలో, బట్టల బీరువా తలుపులకి తగిలించాను. అక్కడ మాత్రం పనికొచ్చాయి, గొంతు బావిలోంచి వస్తున్నట్టుందని క్లయింటు అనడం మానేశాడు.

ఫిబ్రవరి 11

ఈరోజు అగరుబత్తి ప్రయోగం. దేవుడికి కాదు.

ఫ్యాన్ ఆపి, వంటింటి ఎగ్జాస్ట్ వేసి, ఇంటి కిటికీలన్నీ మూసి, పడగ్గది కిటికీ అంచుల వెంట వెలిగించిన అగరుబత్తిని నెమ్మదిగా జరుపుతూ పోయాను. పొగ నిటారుగా లేచినచోట సందు లేదు. వంకర తిరిగినచోట ఉంది. మాది అల్యూమినియం స్లైడింగ్ కిటికీ, నాలుగడుగులకి నాలుగడుగులు. రెండు తలుపులు కలిసే నడిమి పట్టీ దగ్గర పొగ పాములా లోపలికి వంగింది. కింది ట్రాకులో వాననీళ్ళు పోవడానికి పెట్టిన కన్నాల దగ్గరైతే ఫూ అని ఎవరో ఊదినట్టే ఎగిరింది. ట్రాకులో ఉండాల్సిన బ్రష్ పట్టీ ఎండలకి అరిగి, ముసలాయన కనుబొమ్మల్లా అక్కడో వెంట్రుక ఇక్కడో వెంట్రుక మిగిలింది.

తర్వాత కాగితం తీసుకుని లెక్కేశాను. కిటికీ వైశాల్యం సుమారు 14,900 చదరపు సెంటీమీటర్లు. చుట్టూ అంచు, నడిమి పట్టీ కలిపి పొడవు 610 సెంటీమీటర్లు. సందు సగటున రెండు మిల్లీమీటర్లనుకున్నా 122 చదరపు సెంటీమీటర్లు. అంటే కిటికీలో 0.8 శాతం బట్టబయలు. వైశాల్యంలో 1 శాతం తెరిచి ఉంటే, మిగతా 99 శాతం ఎంత గట్టిదైనా మొత్తం మీద 20 డెసిబెల్స్‌కి మించి ఆగదు. బయట 80, లోపల 61. నా కిటికీ 19 ఆపుతోంది. ఇన్నాళ్ళూ తప్పు గాజుదని తిట్టుకున్నాను. గాజుని మారిస్తే ఇరవై వేలయ్యేది, తేడా ఏమీ ఉండేది కాదు.

ఇంకా రెండు దొంగ దారులు దొరికాయి. ఏసీ పైపు వెళ్ళే కన్నం చుట్టూ బొటనవేలు దూరేంత ఖాళీ ఉంది. అటాచ్డ్ బాత్రూమ్‌లో గాజు పలకల వెంటిలేటరైతే ఎప్పుడూ తెరిచే ఉంటుంది, బాత్రూమ్ తలుపు కిందేమో అంగుళం సందు.

ఫిబ్రవరి 14

అల్యూమినియం పనివాళ్ళ షాపులో బ్రష్ పట్టీ మీటర్ల లెక్కన అమ్ముతారు. పాత ముక్క ఒకటి కోసి జేబులో వేసుకెళ్ళాను, లేకపోతే వెడల్పు కుదరదు. షాపతను దాన్ని వేళ్ళ మధ్య నలిపి చూసి "ఇది సచ్చి శానా రోజులైంది సార్" అన్నాడు. పాతదానికంటే ఒక మిల్లీమీటరు పొడవు వెంట్రుకలది తీసుకోమన్నాడు. మంచి సలహా. అక్కడే అంటించే రబ్బరు పట్టీ కూడా తీసుకున్నాను. మొత్తం 640.

తలుపుల్ని పట్టాలమీంచి ఎత్తి కిందికి దించడం ఇద్దరి పని. మా ఆవిడ పట్టుకుంది, నేను లాగాను. ట్రాకులో రెండేళ్ళ దుమ్ము, ఒక పావురం ఈక, పాప పోగొట్టుకున్న చెవి దిద్దు. దువ్వెనతో ట్రాకు గీకి, తడిగుడ్డతో తుడిచి, ఆరాక కొత్త బ్రష్ దూర్చాను. నీళ్ళు పోయే కన్నాల్ని శాశ్వతంగా మూస్తే వానాకాలం ట్రాకు నిండి గదిలోకి పారుతుంది. అందుకని స్పాంజి ముక్కలు కోసి బిరడాల్లా పెట్టాను, జూన్‌లో లాగేస్తాను. ఏసీ కన్నంలో పాత లుంగీ ముక్క గట్టిగా కూరి, పైన పుట్టీ. బాత్రూమ్ తలుపు కింద రబ్బరు అంచు, 350.

కొలత: 55. ఆరు తగ్గింది.

నిద్ర: నాలుగున్నర నుంచి ఎనిమిదింపావు దాకా, మళ్ళీ పది నుంచి పన్నెండు దాకా.

ఫిబ్రవరి 20

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో "లీగల్‌గా వెళ్దాం" అని ఒకాయన రోజూ పెడుతున్నాడు. సరే అని శబ్ద కాలుష్య నియమాలు, 2000 తీసి చదివాను. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 పరిమితి. పగలంటే ఉదయం ఆరు నుంచి రాత్రి పది. నిర్మాణ యంత్రాల్ని నివాస ప్రాంతాల్లో రాత్రిపూట నడపకూడదని 2010 సవరణలో విడిగా చేర్చారు. చప్పుడు పరిమితిని పదో అంతకంటే ఎక్కువో దాటితే ఫిర్యాదు చేయొచ్చు.

బాల్కనీలో 80 అంటే 25 ఎక్కువ. ఫిర్యాదుకి దారి ఉంది. కానీ ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆపించగలిగే గట్టి నిషేధం ఉన్నది రాత్రికే. చట్టం రాత్రి పదికి పడుకుని ఆరుకి లేస్తుంది. నేను నాలుగుకి పడుకుంటాను. నా రాత్రి వాళ్ళ పుస్తకంలో లేదు. ఇక పగటి 80 గురించి ఫిర్యాదు చేస్తే ఏమవుతుంది? రెండు రోజులు ఆగుతుంది, మూడోరోజు మొదలవుతుంది, ఆ గుండు మాత్రం అక్కడే ఉంటుంది. నేను రాయి త్వరగా అయిపోవాలని కోరుకునేవాణ్ణి, ఎక్కువ రోజులు సాగాలని కాదు.

గ్రూపులో ఈ మాటే రాశాను. "బిల్డర్ మనిషివా?" అని వచ్చింది.

ఫిబ్రవరి 23

ఆదివారం సైటు ఆపేశారు. మేస్త్రీ రేకుల షెడ్డు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. రెండు టీలు పట్టుకుని వెళ్ళాను. శ్రీకాకుళం ఆయన, యాభై పైన ఉంటాయి.

"మూడో అంతస్తు కిటికీ మాదే మేస్త్రీ గారూ."

"ఆ, పొద్దుటేల కర్టెను ఇలా తీసి చూస్తారు, మీరేనా? ఏటండి, కేకలేస్తారేమోననుకున్నాను."

"కేకలు కాదు. నాకు రాత్రి డ్యూటీ. పొద్దున పడుకుంటాను."

కాసేపు టీ ఊదుకున్నాడు. "మా బావమరిదీ అంతేనండి, వైజాగులో నైటు డ్యూటీ. పగలు నిద్దరోతే పక్కింటోళ్ళు తాగుబోతనుకునేవోరు."

పని ఆపమని నేను అడగలేదు. పొద్దున ముందు ఎటువైపు కొడతారని మాత్రం అడిగాను. ఆయనకది అర్థం లేని ప్రశ్నలా తోచింది. ఎటు కొట్టినా రాయే కదా! మా గోడ నుంచి పది మీటర్ల దూరంలో కొట్టే బ్రేకర్ ఇరవై మీటర్ల అవతల కొడితే ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది, దూరం రెట్టింపైన ప్రతిసారీ అంతే. ఆ అంకెలు ఆయనకి చెప్పలేదు. "పదకొండు దాకా ఆ రోడ్డు వైపు కొట్టించి, తర్వాత మా వైపు వస్తే నాకు నిద్ర దక్కుతుంది" అన్నాను.

"దానికేటుందండి. ఆపరేటరుకి సెప్తాను. టిప్పరు తిరగాలి, అదొక్కటే సూసుకోవాలి."

మూడు వారాల్లో నేను చేసిన వాటిలో తక్కువ ఖర్చుతో ఎక్కువ తగ్గించింది ఈ టీయే. ఖర్చు ముప్పై రూపాయలు.

మార్చి 2

కిటికీకి మూత. ఈ ప్రాజెక్టులో నాకు ఇష్టమైన భాగం, అందుకే కాస్త వివరంగా రాసుకుంటున్నాను.

గాజు మిల్లీమీటరు మందానికి చదరపు మీటరుకి రెండున్నర కిలోలు. మా కిటికీది నాలుగు మిల్లీమీటర్లు, అంటే పది కిలోలు. దీనికి లోపలి వైపు, కొంచెం ఎడంగా, ఇంకాస్త బరువైన పలక బిగుతుగా నిలబెడితే రెండు అడ్డులూ మధ్యలో గాలీ కలిసి పనిచేస్తాయి. ఫ్రేము గోడకి బయటి అంచున ఉంది కాబట్టి లోపలి వైపు నాలుగంగుళాల గూడు దొరికింది. మేకు అక్కర్లేదు, గూట్లో బిగుతుగా కూర్చోబెడితే చాలు.

12 మిల్లీమీటర్ల ప్లైవుడ్, దానికి వెనక జిప్సం బోర్డు అతికించాలి. రెండూ కలిపి చదరపు మీటరుకి పదహారు కిలోల పైచిలుకు, మొత్తం మూత పాతిక కిలోలు. ఒక్క పలకైతే నేను మోయలేను, మీద పడితే పాపకి ప్రమాదం. నిలువుగా రెండు చేయించాను, ఒక్కోటి రెండడుగుల వెడల్పు, పన్నెండు కిలోలు. మధ్యలో ఒకదాని అంచు ఇంకోదాని మీదికి ఎక్కేలా ప్లై పట్టీ కొట్టించాను. చుట్టూ సోఫాలకి వాడే గట్టి ఫోము, దాని మీద రెగ్జిన్. ఎత్తడానికి ఒక్కోదానికి ట్రంకుపెట్టె పిడి.

వడ్రంగి చేతిలో టేపుంది, నా చేతిలో టేపుంది, అయినా తప్పింది. గూడు పైన 121.4, కింద 122.6. గోడలు నిటారుగా ఉంటాయని ఇద్దరం నమ్మాం. పైగా ఫోము మందం తీసేయకుండా కోశాడు. తెచ్చి పెడితే పైమూల దగ్గర ససేమిరా అంది. బాల్కనీలో కూర్చుని రందాతో ఒక పక్క చెక్కించాను. "అద్దింటికి ఇంత పనా సార్?" అన్నాడు, రంపం పొట్టు ఊదుకుంటూ. ఖాళీ చేసేటప్పుడు ఏం చేస్తారని కూడా అడిగాడు. రెండు కలిపి పాపకి చదువుకునే బల్ల చేస్తానన్నాను. అప్పుడు నచ్చింది ఆయనకి, అంచులు ఇంకోసారి నున్నగా తోసి ఇచ్చాడు.

సామాను, కూలీ, ఆటో అన్నీ కలిపి 4,300.

రాడ్ కటింగ్ మెషిన్ నడుస్తుండగా కొలిచాను. బయట 80, లోపల 47. మూత ఎత్తి కింద పెడితే 55. మళ్ళీ పెడితే 47. ఈ పని నాలుగైదుసార్లు చేశాను, నాకే ఆనందంగా ఉండి. చివరికి మా ఆవిడ "నిద్రపోవడానికే కదా ఇదంతా, పోండి మరి" అంది.

లోపాలూ ఉన్నాయి. మధ్యాహ్నం పన్నెండుకి కూడా గది గుహలా ఉంటుంది. ఏసీ బయటి గాలిని తేదు, ఉన్న గాలినే తిప్పుతుంది. అందుకని హాలు వైపు తలుపు వేలెడంత తెరిచి పడుకుంటున్నాను, లేవగానే మూత తీసి కిటికీ బార్లా తెరుస్తాను.

మార్చి 6

బ్రేకర్ మా వైపు వచ్చింది. మూత ఉంది, బ్రష్ ఉంది, ఫోన్ 52 చూపిస్తోంది. అయినా నిద్ర లేదు. ఎందుకని?

మంచం పక్క స్టూలు మీద స్టీలు గ్లాసులో నీళ్ళు. ఒక్కో దెబ్బకి నీళ్ళ మీద వలయం పుట్టి అంచుకి తగిలి వెనక్కి వస్తోంది. వంటింట్లో స్టాండులోని ప్లేట్లు సన్నగా మోగుతున్నాయి. ఇది కిటికీలోంచి వచ్చేది కాదు. ఆ గుండు, మా బిల్డింగు పునాదులు కూర్చున్న బండ రెండూ ఒకటే రాయి. బ్రేకర్ కొట్టేది అక్కడ, రాయి మోసుకొచ్చేది ఇక్కడికి, పిల్లర్ల మీదుగా నా మంచం కోళ్ళలోకి. గాలిలో వచ్చేదానికి మూత పెట్టొచ్చు. నేలలో వచ్చేదానికి ఏం పెడతాం?

వాషింగ్ మెషిన్ కింద పెట్టే రబ్బరు దిమ్మలు నాలుగు తెచ్చి మంచం కోళ్ళ కింద పెట్టాను, 480. మంచం తలవైపు గోడకి ఆనకుండా జానెడు జరిపాను. దిమ్మల వల్ల ఒరిగింది తక్కువ. గోడకి దూరం జరపడం వల్ల కొంచెం ఎక్కువ. ఆ రెండూ కూడా అసలు మందు ముందు దిగదుడుపే: పాప స్కూలుకెళ్ళాక తన గదిలో పడుకోవడం. అది ఇంటికి అవతలి చివర, లిఫ్టు పక్కన. లిఫ్టు తలుపు టంగున పడుతుంది గానీ నిద్ర పడుతుంది. ఖర్చు సున్నా. మొదటిరోజే తోచాల్సిన సంగతి, ఎనిమిది వేలు పెట్టాక తోచింది.

చెవి బిరడాల సంగతి. పదిహేను రోజులు వాడి "పనిచేయవు" అని పక్కన పడేశాను. నిజానికి నాకు పెట్టుకోవడం రాలేదు. దాన్ని ముడతలు పడకుండా సన్నటి పుల్లలా నలపాలి. అవతలి చేతిని తలమీదుగా తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగాలి. అప్పుడు దూర్చి, ఉబ్బి నిండేదాకా ముప్పై సెకన్లు వేలితో అదిమి పట్టుకోవాలి. సరిగ్గా పెడితే మన గొంతు మనకే కుండలోంచి వచ్చినట్టుంటుంది. డబ్బా మీద 29 అని ఉన్నా, అంతా తగ్గుతుందనుకోకూడదు. అందులోంచి ఏడు తీసేసి సగం చేస్తే పదకొండు, మామూలు వాడకంలో అదీ దక్కేది. పదకొండు తక్కువేం కాదు. పది జతలు 200.

మార్చి 15

మా ప్రహరీకి ఆనుకుని ఉన్న రాతిని బ్రేకర్‌తో కొడితే మా గోడ బీటలిస్తుందని మా అసోసియేషన్ వాళ్ళు అడ్డుపడ్డారు. దాంతో పద్ధతి మార్చారు. ముందు వరుసగా కన్నాలు వేశారు. కన్నాలు వేసిన రోజంతా పళ్ళ డాక్టరు దగ్గర కూర్చున్నట్టే ఉంది. తర్వాత వాటిలో బూడిదరంగు పొడి నీళ్ళతో కలిపి పోశారు. పేలుడు మందు కాదు, సున్నం జాతిదే. నీళ్ళు తగిలి ఉబ్బుతుంది, ఒక్క రోజులో రాయిని నిశ్శబ్దంగా చీలుస్తుంది. మర్నాడు కిటికీలోంచి చూస్తే గుండు మీద పుచ్చకాయ పగిలినట్టు గీతలు.

పగిలిన చెక్కల్ని చిన్నవి చేయడానికి ఇద్దరు వడ్డెర మనుషులొచ్చారు. అందులో పెద్దాయన పని చూస్తూ ఆరోజు కావాలనే నిద్ర మానేశాను. అరచేత్తో రాతిని తడుముతాడు, నీళ్ళు చల్లి పొర ఎటు పోతుందో చూస్తాడు. ఉలితో గుంటలు తీసి ఇనుప చీలలు నిలబెడతాడు. ఒక్కో చీల మీద సమ్మెటతో ఒక్కో దెబ్బ, వరుసగా, మళ్ళీ మొదటికి. ఠంగు మనే మోత దెబ్బదెబ్బకీ సన్నబడుతుంది. ఒకచోట మోత మారి బొంగురుపోయింది. ఆయన సమ్మెట పక్కన పెట్టి బీడీ తీశాడు. బీడీ సగమయ్యేసరికి రాయి తనంతట తనే విచ్చుకుంది.

కొలత తీయడం మర్చిపోయాను.

ఏప్రిల్ 4

సెల్లారు తవ్వకం అయిపోయింది, పునాదుల్లో కాంక్రీటు పడింది. వారం పదిరోజులుగా మూత పెట్టకుండానే నిద్ర. ఎండలు ముదిరాయి కాబట్టి సూర్యాపేట నుంచి అమ్మావాళ్ళ పాత కూలర్ తెచ్చి హాల్లో పెట్టాను. దాని హోరు ఒకే తీరుగా ఉంటుంది, చిన్నాచితకా సుత్తి చప్పుళ్ళు అందులో కలిసిపోతాయి. ఆఫీసు కోసం కొన్న చప్పుడు కొట్టేసే హెడ్‌ఫోన్లు కూడా ఇలాంటి నిలకడ హోరునే బాగా తీసేస్తాయి, సుత్తి దెబ్బని వదిలేస్తాయి. కూలర్ ఆ రెండో పని చేస్తోంది.

ఓనర్ అంకుల్‌కి ఫోన్ చేశాను. అద్దె తగ్గించమంటే తగ్గించడని తెలుసు. "జూన్‌లో పెంచే అయిదు శాతం ఈ ఏడు వద్దంకుల్, ఈ గోల చూస్తున్నారుగా" అన్నాను. పెయింటు ఊడిన సంగతి నేనే చెప్పేశాను. రెండు రోజులు ఆలోచించి సరేనన్నాడు. మేం ఖాళీ చేస్తే ఈ ఏడాదిన్నర కొత్తవాళ్ళెవరూ రారని ఆయనకీ తెలుసు.

మే 2

సెల్లారు స్లాబు. మధ్యాహ్నం మొదలవ్వాల్సిన రెడీమిక్స్ లారీలు ట్రాఫిక్ ఆంక్షల వల్ల సాయంత్రానికి గానీ రాలేదట. రాత్రి పది దాటింది, పంపు ఊగుతూనే ఉంది, కాంక్రీటుని కుదిపే వైబ్రేటర్ గీపెడుతూనే ఉంది. నేను కాల్‌లో ఉన్నాను. మీ ఇంట్లోకి లారీ వచ్చిందా అని క్లయింటు అడిగాడు. పాప తలగడ పట్టుకుని నా గదిలోకి వచ్చేసింది.

పదిన్నరకి ఎవరో 100కి కొట్టారు, పోలీసులొచ్చారు. ఈసారి చట్టం పూర్తిగా మావైపు. నేనూ కిందికి దిగాను. సూపర్‌వైజర్ చేతులు జోడిస్తున్నాడు, ఇంకా రెండు లారీలు. ఇప్పుడు ఆపితే పోసింది గట్టిపడి, రేపు పోసేది దానికి అతకదు, స్లాబులో జాయింటు పడిపోతుంది. ఆ మాటా నిజమే. పోసిన కాంక్రీటు మన కోసం కాసుకుని కూర్చోదు. మేస్త్రీ నావైపు చూశాడు, నేను నేలవైపు చూశాను. నాకు కోపం రాలేదంటే అబద్ధం. రెండు లారీలకి ఒప్పుకున్నారు. పదకొండూ యాభైకి వైబ్రేటర్ ఆగింది.

ఇకమీదట స్లాబు రోజు ఉదయం ఆరుకే మొదలుపెడతామని, తేదీ రెండు రోజుల ముందు చెబుతామని సూపర్‌వైజర్ మా గ్రూపులో రాశాడు. "లీగల్‌గా వెళ్దాం" అనే ఆయన దానికి నమస్కారం బొమ్మ పెట్టాడు.

మే 14

ఇప్పుడు సైటు పంచాంగం నాకొచ్చేసింది. స్లాబు పడ్డాక వారం, పది రోజులు తడుపుతారు. చప్పుడంటే పైపు నీళ్ళదే. ఆ వారమంతా ఎనిమిది గంటలు పడుకున్నాను. తర్వాత సెంట్రింగ్, అంటే స్లాబు కింద ఆసరాగా పెట్టిన రేకులు విప్పుతారు, అదే ఘోరం. ఇనుప రేకుల్ని అందించుకోకుండా పైనుంచి వదిలేస్తారు. ఒక్కో రేకుకి ఒక్కో గుండెపోటు. బ్రేకర్ హోరుకి అలవాటు పడొచ్చు గానీ ఎప్పుడు పడుతుందో తెలియని రేకుకి పడలేం. ఈరోజు మూడు గంటల నిద్ర. సాయంత్రం మేస్త్రీని అడిగితే, రేకులు పడేచోట ఇసుక బస్తాలు వేయిస్తానన్నాడు. రేకు సొట్టపోతే ఆయనకీ నష్టమే.

ఖర్చు ఇప్పటిదాకా: ఫోముతో కలిపి 8,370, టీలు కాక.

మే 24

స్టిల్టు స్లాబుకి సెంట్రింగ్ అయిపోయింది. ఇంకో రెండు స్లాబులు పడితే పనివాళ్ళు మా కిటికీ ఎత్తుకి వస్తారు. ఇప్పుడే పైకి చూసి చెయ్యూపుతున్నారు. సాయంత్రం మేస్త్రీ కిందనుంచి కేకేశాడు.

"సార్! రేపు స్లాబు. ఆరింటికే!"

సరేనని చెయ్యెత్తాను. వానలకి ముందు ట్రాకులో స్పాంజి బిరడాలు తీయాలి. రేపు లాగౌట్ అవగానే తలగడ పట్టుకుని కూకట్‌పల్లిలో మా అక్క వాళ్ళింటికి పోతాను. పొద్దున నాలుగుకి తలుపు తీస్తానంది. బావకి మాత్రం ఇంకా చెప్పలేదట.